విశాఖ రిఫైనరీ, విశాఖ బీచ్ – కొండ మీద నుంచి చూస్తే



డిగ్రీకో, కోచింగ్‌కో, పనికో మనలో చాలామంది విశాఖలో దిగుతాం. మొదటి వారంలోనే ఆర్కే బీచ్‌కి వెళ్ళి ఫోటో దిగుతాం. సింధియా వైపు బస్సెక్కితే మల్కాపురం దగ్గర రిఫైనరీ గొట్టాలు, పైన ఆరకుండా మండే మంట కనిపిస్తాయి. ఈ రెండూ కలిస్తేనే విశాఖ. ఒక పక్క చమురు, ఒక పక్క ఇసక. ఈ నగరం గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట ఉంటుంది: ఒకప్పుడు చిన్న జాలరి పల్లె, ఇప్పుడు మహానగరం. మధ్యలో ఏం జరిగింది, ఎవరి ఊరు పోయింది, ఎవరి నీళ్ళు వచ్చాయి అనేది ఆ మాటలో ఉండదు. ఈ పోస్టులో అది రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఎందుకు చదవాలో చివరికి మీకే అర్థమవుద్ది.

ఓడరేవు దగ్గర మొదలు

విశాఖకి ప్రకృతి ఇచ్చిన ఆస్తి డాల్ఫిన్స్ నోస్ కొండ. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన ఆ కొండ చాటున అలల దెబ్బ తక్కువ. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య పెద్ద ఓడలు ఆగడానికి ఇంత మంచి చోటు లేదని బ్రిటిష్ వాళ్ళు గుర్తించారు. వాళ్ళకి కావాల్సింది మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేశారు. చిత్తడి నేలని తవ్వి లోపలి రేవు కట్టారు. 1933 డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి ప్రారంభించాడు.

అంటే ఈ రేవు పుట్టడమే లోపలి అడవుల నుంచి ఖనిజాన్ని బయటికి పంపడానికి పుట్టింది. తర్వాత తొంభై ఏళ్ళ కథంతా దీని మీదే నడిచింది.

అప్పట్లో మనమూ విశాఖ జిల్లాలోనే ఉన్నాం. జయపురం సంస్థానం కూడా ఈ జిల్లాలోనే ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అది అటు పోయింది. ఒకే తెగ, ఒకే ఇంటిపేరు వాళ్ళు గీతకి రెండు పక్కలా మిగిలిపోయారు. మాచ్‌ఖండ్ అవతల ఇప్పటికీ మనకి చుట్టరికాలు ఉన్నాయంటే కారణం అదే.

చమురు వచ్చిన సంగతి

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో చెప్పుకోదగ్గ రిఫైనరీ అస్సాంలోని డిగ్బోయ్‌లో ఒక్కటే. పెట్రోలు, కిరసనాయిలు దాదాపు అంతా బయటినుంచి వచ్చేది. 1951లో ఇరాన్ తన చమురుని జాతీయం చేసింది. అబాదాన్ రిఫైనరీ చేతిలోంచి పోయాక విదేశీ కంపెనీలు వేరే చోట్లు వెతుక్కున్నాయి. మన ప్రభుత్వానికీ రిఫైనరీలు కావాలి. అలా మూడు కంపెనీలతో ఒప్పందాలు అయ్యాయి. రెండు బొంబాయిలో కట్టారు. మూడోది కాల్టెక్స్, విశాఖలో. 25 ఏళ్ళ దాకా జాతీయం చెయ్యబోమని ప్రభుత్వం మాటిచ్చింది కూడా.

కాల్టెక్స్ రిఫైనరీ 1957లో నడక మొదలుపెట్టింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 7 లక్షల టన్నుల లోపే. 1976లో ప్రభుత్వం కాల్టెక్స్‌ని తీసుకుంది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. 1980ల్లో 45 లక్షల టన్నులకి, 1990ల చివర 75 లక్షలకి పెంచారు. ఇప్పుడు 150 లక్షల టన్నులు. అదే చోట, అదే కొండల మధ్య, ఇరవై రెట్లకి పైగా పెరిగింది.

రిఫైనరీ ఒక్కటే రాలేదు. పక్కన షిప్‌యార్డు అప్పటికే ఉంది. తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ, జింకు ఫ్యాక్టరీ, పాలిమర్ల ఫ్యాక్టరీ, స్టీలు ప్లాంటు వచ్చాయి. ఒకటి ఉంటే ఇంకొకటి రావడం సులువు. రేవు ఉంది, రైలుంది, చమురుంది. మరి కరెంటు, నీళ్ళు, ఖనిజం ఎక్కడివి?

కొండ దిగినవి

ముందు కరెంటు. మత్స్యగెడ్డ అని మనం పిలిచే నది మీద జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతం దగ్గర నీళ్ళని కిందికి దింపి కరెంటు తీశారు. అదే మాచ్‌ఖండ్ ప్రాజెక్టు, 120 మెగావాట్లు. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. రిఫైనరీ కన్నా రెండేళ్ళు ముందు. జలాపుట్ నీళ్ళ కింద పోయిన ఊళ్ళల్లో ఎక్కువ ఆదివాసీల ఊళ్ళే. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు మత్స్యగెడ్డ దాటాలంటే నాటు పడవే దిక్కు అయిన ఊళ్ళు ఉన్నాయని మీకు తెలుసు. ఆ నీళ్ళు అక్కడ నిలవడానికి కారణం ఇదే.

మాచ్‌ఖండ్ తీగలు నెత్తి మీద నుంచి కిందికి పోతుంటే, కింద మన ఇళ్ళల్లో దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డే వెలిగింది. ఆ కిరసనాయిలు కూడా చమురు శుద్ధిలో వచ్చే సరుకే. జీసీసీ డిపో ముందు డబ్బా పట్టుకుని లైన్లో నిలబడ్డ సంగతి మన అమ్మానాన్నల్ని అడగండి. మన నీటితో తీసిన కరెంటు నగరానికి పోయింది. నగరం నుంచి మనకి బుడ్డిలోకి చమురు వచ్చింది, అదీ డబ్బు కడితే.

తర్వాత ఖనిజం. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది, బస్తర్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజం వాళ్ళకి అమ్మాలని. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. అక్కడి గోండు, కోయ మనుషులు కొండ ఆకారం చూసి పెట్టుకున్న పేరు. ఆ ఖనిజం రేవుకి చేరాలంటే తూర్పు కనుమలు దాటాలి. అందుకోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 400 కిలోమీటర్లకు పైగా రైలు మార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. బొర్రా, అరకు, శిమిలిగూడ మీదుగా పోయే మన కేకే లైను అదే. మనం ఎక్కి తిరగడానికి వేసింది కాదు, ఖనిజం కోసం వేసింది. 1976లో విశాఖలో పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బర్ తెరిచింది కూడా ముఖ్యంగా ఈ ఖనిజం కోసమే. ఓల్డ్ టౌన్ వైపు ఇళ్ళ మీద పడే ఎర్ర దుమ్ములో ఎద్దు మూపురం కొండ కూడా ఉంది.

ఇక నీళ్ళు. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది, బొర్రా గుహల గుండా పారుతుంది. 1960ల్లో దాని మీద తాటిపూడి దగ్గర రిజర్వాయరు కట్టారు. అక్కణ్ణుంచి విశాఖకి తాగునీరు పోతుంది. రైవాడ రిజర్వాయరు కట్టిన శారదా నది కూడా మన కొండల నీళ్ళతోనే పారుతుంది. హాస్టల్లో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీళ్ళల్లో కొన్ని మనకన్నా ముందు కొండ దిగినవే. గోస్తనిలో మిగిలిన నీరు భీమిలి బీచ్ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

కాబట్టి "మీ ఏజెన్సీకి ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతుందో తెలుసా" అని క్లాసులో ఎవరైనా అంటే తలొంచుకోకండి. లెక్క రెండు వైపులా రాయమనండి.

గేటు పక్కన బతకడం

ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలొస్తాయి అంటారు. వచ్చాయి, కాదనం. విశాఖలో ఒక తరం కార్మిక కుటుంబాలు పిల్లల్ని చదివించుకుని పైకొచ్చింది. అయితే గేటు లోపలి వాడికి జీతం, గేటు బయటి వాడికి గాలి.

విశాఖ పారిశ్రామిక ప్రాంతం గిన్నె లాంటిది. చుట్టూ కొండలు, మధ్యలో పొగ. పొగ త్వరగా బయటికి పోదు. దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసినప్పుడు అందులో విశాఖ ఉంది.

1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం. ఓడ నుంచి రిఫైనరీ నిల్వ గోళాల్లోకి ఎల్పీజీ ఎక్కిస్తుండగా గ్యాస్ లీకయి అంటుకుంది. ఒక దాని తర్వాత ఒకటి ట్యాంకులు మండాయి. 60 మంది దాకా చనిపోయారు. నల్లటి పొగ నగరం మీద కమ్ముకుంది. వేలమంది కట్టుబట్టలతో ఇళ్ళు వదిలి పరుగెత్తారు. 2013 ఆగస్టు 23న అదే రిఫైనరీలో కొత్తగా కట్టిన కూలింగ్ టవర్ దగ్గర మంటలొచ్చి 20 మందికి పైగా పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు, లేచి పరుగెత్తినవాళ్ళు, కనీసం 12 మంది చనిపోయారు.

మూడు సంఘటనల్లోనూ ఒక సంగతి చూడండి. చుట్టుపక్కల వాళ్ళకి లోపల ఏం నిల్వ ఉందో తెలీదు. ఏ గాలి వీస్తే ఎటు పరుగెత్తాలో ఎవరూ నేర్పలేదు. ఆ ప్లాంటు పెరిగినప్పుడల్లా మీకు ఇష్టమేనా అని వాళ్ళని అడిగి, వద్దంటే ఆగే పద్ధతి లేదు. ప్రజాభిప్రాయ సేకరణ అని ఒక సభ పెడతారు. అభిప్రాయం రాసుకుంటారు. దాన్ని పాటించి తీరాలని ఎక్కడా లేదు.

ఇసక కూడా కట్టిందే

ఇప్పుడు బీచ్ సంగతి. బీచ్ అంటే దేవుడిచ్చింది, ఎప్పుడూ అలాగే ఉంది అనుకుంటాం. ఆర్కే బీచ్ అలా లేదు. మన తీరంలో ఇసక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టాక ఆ ఇసక దక్షిణం వైపే ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జర్లతో ఇసక తవ్వి తెచ్చి అక్కడ పోస్తుంటారు. మనం కూర్చుని మొక్కజొన్న తినే ఆ ఇసకలో కొంత పైపుల్లోంచి వచ్చింది. ఖనిజం, చమురు కోసం కట్టిన గోడే బీచ్‌ని తింటోంది. ఆ బీచ్‌ని మళ్ళీ నింపి టూరిస్టులకి చూపిస్తున్నారు.

ఆర్కే అంటే రామకృష్ణ. ఒడ్డున ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆ పేరొచ్చింది. ఆ పేరుకి ముందు అక్కడ జాలరి, వాడబలిజ వాళ్ళ పడవలు, వలలు, ఎండు చేపలు ఉండేవి. పెదజాలరిపేట ఇప్పటికీ ఉంది, చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. 2002లో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. పార్కులు, హోటళ్ళు, బీచ్ రోడ్డు పెరిగాయి. 2020లో రుషికొండ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రంగా ఉండటం మంచిదే. కాకపోతే శుభ్రం అనే మాట లోపలికి ఎండు చేప రాదు, వల రాదు. పడవ ఫోటోకి బాగుంటుంది, పడవ వాడు ఉంటే వాసన అంటారు.

దక్షిణాన గంగవరం, దిబ్బపాలెం జాలర్లు ఓడరేవు కోసం తీరం వదులుకోవాల్సి వచ్చింది. స్టీలు ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్ళ వాళ్ళకి ఆర్ కార్డులు ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలైపోయిన వాళ్ళు ఉన్నారు. వీళ్ళంతా కూడా ఆ నేలకి మూలవాసులే. కానీ వాళ్ళ చేతిలో నేలని ఆపే కాగితం లేదు.

అదే రైలెక్కి టూరిజం పైకొచ్చింది

బీచ్ చూసినోళ్ళకి రెండో రోజు ఏం చూపించాలి? అరకు. ఖనిజం దిగిన లైను మీదే టూరిస్టులు ఎక్కారు. 2017లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె వచ్చింది. ఇప్పుడు విశాఖ ప్యాకేజీ అంటే బీచ్, బొర్రా, అరకు, వంజంగి మేఘాలు, లంబసింగి చలి.

దీనివల్ల మనోళ్ళకి నాలుగు రూపాయలు వస్తున్నాయి. బొంగు చికెన్ అమ్మేవాళ్ళు, గైడ్లు, జీపు తోలేవాళ్ళు, కాఫీ రైతులు ఉన్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ రిసార్టు ఎవరిది, అందులో గిన్నెలు కడిగేది ఎవరు అని ఒకసారి లెక్క వేసుకోండి. ధింసా మన పండగలకి, పెళ్ళిళ్ళకి ఊరంతా చేతులు పట్టుకుని ఆడేది. ఇటుకల పండక్కి మన ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి దారిన పోయేవాళ్ళ దగ్గర డబ్బులు అడగడం ఆచారం. ఇప్పుడు రిసార్టు లాన్‌లో టైము ప్రకారం ఆడి, చీర మడత పెట్టుకుని ఇంటికొస్తున్నాం.

బీచ్‌లో జాలరికి జరిగింది కొండ మీద మనకి జరుగుతుందా? చాలా వరకు జరిగి ఉండేది. ఆగింది ఒక కారణం వల్ల.

1997, జులై

రిఫైనరీ మంటలకి దాదాపు రెండు నెలల ముందు, 1997 జులై 11న, సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో కాల్సైటు వగైరా తవ్వకాలకి ప్రభుత్వం ప్రైవేటు వాళ్ళకి లీజులిచ్చింది. ఊళ్ళ వాళ్ళు, వాళ్ళ వెంట సమత అనే సంస్థ, కోర్టుకెళ్ళారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు మన వైపు చెప్పారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెయ్యకూడదు అన్నప్పుడు ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనులకి లీజుకివ్వడం చెల్లదు అన్నారు. తవ్వకం జరిగితే అది ప్రభుత్వ ఖనిజ సంస్థలో, ఆదివాసీల సహకార సంఘాలో చెయ్యాలి. నికర లాభంలో కనీసం 20 శాతం ఆదివాసీల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలి అన్నారు.

ఆ తీర్పుకి ఆధారం అయిదో షెడ్యూలు, 1959 భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకొచ్చిన సవరణ. మనం 1/70 అని పిలిచేది దీన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. గిరిజనేతరుడు కూడా అమ్మితే ఆదివాసీకే అమ్మాలి.

ఒకే ఏడాది, అప్పటికి ఒకే జిల్లా. కింద మల్కాపురం మనుషులు మంటల్లోంచి పరుగెత్తారు, పైన బొర్రా మనుషులు లీజులు రద్దు చేయించారు. పైవాళ్ళు కిందవాళ్ళకన్నా తెలివైన వాళ్ళని కాదు, ధైర్యవంతులనీ కాదు. పైన ఒక చట్టం ఉంది, దాన్ని పట్టుకుని కోర్టు దాకా వదలకుండా నడిచిన ఊళ్ళున్నాయి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ తీర్పు లేదు.

చట్టం ఉంటే చాలదు

సమత తీర్పులో ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చు అన్న సందులోంచే తర్వాత బాక్సైటు వచ్చింది. కొండ తవ్వేది ప్రభుత్వ ఖనిజ సంస్థ, ఆ మట్టిని కింద శుద్ధి చేసేది ప్రైవేటు కంపెనీ అని ఒప్పందాలు రాసుకున్నారు. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల వైపు మనోళ్ళు ఎలా లేచారో మీలో చాలామంది చూశారు. 2019లో ఆ అనుమతి రద్దయింది.

ఇప్పుడు ఒత్తిడి టూరిజం పేరుతో వస్తోంది. 2025 మొదట్లో విశాఖలోనే జరిగిన టూరిజం సదస్సులో 1/70 సవరిస్తే పెట్టుబడులొస్తాయన్న మాట వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని సవరించబోమని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది. సరే. కానీ సవరించకుండానే బినామీ పేర్ల మీద, నోటి లీజుల మీద, పెళ్ళి చేసుకున్న ఆదివాసీ ఆడపిల్ల పేరు మీద భూమి చేతులు మారుతున్న సంగతి మన ఊళ్ళల్లో ఎవరిని అడిగినా చెప్తారు. చమురైనా, ఖనిజమైనా, హోటలైనా ముందు అడిగేది నేలే.

టూరిస్టులు రావొద్దని మేము అనడం లేదు. నేల మనది, సంఘం మనది, రేటు మనం చెప్తాం, రండి అంటున్నాం. అలా చెప్పగలగాలంటే 1/70 ఉండాలి.

2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. మన కలెక్టరు ఇప్పుడు పాడేరులో ఉంటాడు. రికార్డుల కోసం విశాఖ పరుగెత్తే బాధ కొంత తగ్గింది. కాబట్టి చదువుకుంటున్న వాళ్ళం మూడు పనులు చేద్దాం.

ఒకటి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి రోడ్డు పక్క భూములు ఎవరి పేరున ఉన్నాయో, ఎవరు సాగు చేస్తున్నారో, ఎక్కడ కొత్తగా కంచె పడిందో రాసుకోండి. అడంగల్, వన్ బి చూడటం రాకపోతే ఇక్కడ అడగండి, తెలిసినవాళ్ళు నేర్పుతారు.

రెండు. గ్రామసభ తీర్మానం ఎలా రాస్తారో నేర్చుకోండి. పీసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. తీర్మానం పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియని ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

మూడు. మాచ్‌ఖండ్ కట్టినప్పుడు, కేకే లైను వేసినప్పుడు పని చేసిన ముసలోళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. ఏ ఊరు మునిగింది, ఎక్కడికి లేచిపోయారు, ఎంత ఇచ్చారు, సొరంగంలో ఎవరు చనిపోయారు, అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. రిఫైనరీకి కట్టిన ఏడాది రాసుంది, సామర్థ్యం రాసుంది. మన మునిగిన ఊళ్ళ పేర్లు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

కింద కామెంట్లో మీ మండలం పేరు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన ఒక్క సంగతి రాయండి. అవన్నీ కలిపి తర్వాతి పోస్టు వేద్దాం.

జోహార్.